మునుగు బాతుల శరద్వలస - వేటకాల నిర్ణయ చరిత్ర

ఉత్తర అమెరికా ఖండమున నీటిపక్షుల వేటను గూర్చిన శాసనములను క్రమముగా పరిశీలించినచో ఒక విశేషము గోచరించును. వేటకాని తుపాకిని గూర్చి ఎంత చర్చ జరిగినదో, వేటదినములను గూర్చియు అంత చర్చ జరిగినది. పక్షి యేనాడు వచ్చును, యెన్నాళ్లుండును అను జ్ఞానము మొదట నెవరిది? అది శాసనకర్తల చేతికి ఎట్లు వచ్చెను? మునుగు బాతుల శరద్వలసను ఆధారముగా గొని ఈ ప్రశ్నలను విచారించుట మా యుద్దేశము.

బాతులలో నీటిపై తేలుచు తల మాత్రము ముంచి మేయునవి కొన్ని. అడుగుదాక మునిగి మేయునవి కొన్ని. కాన్వాస్‌బాక్, రెడ్‌హెడ్, స్కాప్, గోల్డెన్‌ఐ అనునవి రెండవ తెగకు చెందినవి. వీని కాళ్లు శరీరమునకు వెనుకభాగమున నుండుటచే ఈదుటకు అనుకూలము. ఎగురుటకు మాత్రము నీటిపై కొంతదూరము పరుగెత్తవలసి యుండును. కనుక గడ్డకట్టని విశాలజలము వీనికి అత్యావశ్యకము. వలసకాలమును ఈ శరీరధర్మమే చాలవరకు నిర్ణయించుచున్నది. నీలిరెక్కల టీలు బాతులు ఆగస్టు, సెప్టెంబరు నెలలలోనే దక్షిణమునకు సాగిపోవును. కాన్వాస్‌బాక్, స్కాప్ జాతులలో అధికభాగము అక్టోబరు ఉత్తరార్ధమునను నవంబరునను కదలును. గోల్డెన్‌ఐ సరస్సులు గడ్డకట్టువరకును నిలుచును.

ఈ జ్ఞానము వ్యాపారముగా మారిన ప్రసిద్ధస్థలము మేరీలాండు రాష్ట్రమందలి చెసపీక్ అఖాతము. సస్కెహానా నది అఖాతమున గలియుచోట నున్న లోతు తక్కువ మడుగులలో వైల్డ్ సెలెరీ అను నీటిమొక్క విస్తారముగా పెరుగుచుండెను. కాన్వాస్‌బాక్ దాని మొగ్గలను, వేళ్లను మునిగి తినును. అలెగ్జాండర్ విల్సన్ 1814లో ఈ పక్షికి ఆ మొక్క శాస్త్రనామమునుండియే పేరు పెట్టెను. ఈ మేతవలన మాంసమునకు రుచి హెచ్చునని ప్రతీతి. సమీపమున నున్న హావర్ డి గ్రేస్ పట్టణమునకు రైలుమార్గ ముండుటచే బాల్టిమోరు, ఫిలడెల్ఫియా నగరముల భోజనశాలలకు ఈ బాతులు చేరుట సులభమయ్యెను.

విక్రయమునకై వేటాడువారు సింక్‌బాక్స్ అను సాధనమును వాడిరి. అది శవపేటిక వంటి పెట్టె. చుట్టును నీటిపై పరచుకొను చట్రము గలది. వేటకాడు నీటిమట్టమునకు దిగువగా అందు పరుండి, చుట్టును వందలకొలది కొయ్యబాతులను తేల్చి యుంచును. ఇట్టి మోసపు పక్షికి తెలుగున దీమము అను చక్కని మాట గలదు. పక్షిని పక్షిరూపముతో వంచించు విద్య మన వేటగాండ్రకును తెలిసినదే యనుటకు ఆ మాటయే సాక్ష్యము. కాని దీమములును తుపాకియు ఎన్ని యున్నను దినము తప్పినచో ఫలములేదు. మన రైతు కార్తెను బట్టి విత్తు చల్లినట్లు, ఈ వేటకాండ్రు ఉత్తరపుగాలిని, తొలిమంచును బట్టి దినమును గణించిరి. ఆ గణన తండ్రినుండి కొడుకునకు నోటిమాటగా వచ్చినదే.

ఇట్టి నేర్పు పక్షికి ప్రాణాంతకమయ్యెను. మేరీలాండు శాసనసభ 1872లో సింక్‌బాక్సులకు లైసెన్సులు విధించి, ప్రత్యేక రక్షకభటులను నియమించెను. అయినను వలసపక్షికి రాష్ట్రపు సరిహద్దు లేదు. ఒకచోట కాపాడిన పక్షి మరియొకచోట కూలుచుండెను. అందుచే 1913లో కేంద్రశాసనము పుట్టెను. 1916లో కెనడా పక్షమున బ్రిటనుతో అమెరికా సంధి చేసికొనెను. ఆ సంధి వేటపక్షులను మార్చి 10 నుండి సెప్టెంబరు 1 వరకు వేటాడరాదనియు, వేటకాలము మూడున్నర మాసములకు మించరాదనియు నియమించెను. దానిని అమలుపరుప 1918లో చేసిన శాసనము వేటపక్షుల విక్రయమును నిషేధించెను. మిస్సోరీ రాష్ట్రము దీనిని ధిక్కరించి సర్వోన్నత న్యాయస్థానమున వాదించి 1920లో ఓడిపోయెను. 1935లో సింక్‌బాక్సును, సజీవదీమములును నిషిద్ధములయ్యెను.

ఇదే కాలమున శాస్త్రజ్ఞులును ఈ ప్రశ్ననే చేపట్టిరి. ఆల్బర్టా విశ్వవిద్యాలయమున విలియం రోవన్ 1924 నుండి జంకో అను చిన్నపిట్టలను ఆరుబయట పంజరములందుంచి, విద్యుద్దీపములతో వాని పగటికాలమును పెంచెను. కఠినమైన చలిలోను వాని జననేంద్రియములు వసంతమునందువలె వృద్ధిచెందెను. పక్షికి ఋతువును దెలుపునది చలికంటె పగటినిడివియే యని దీనివలన తేలెను. ఫ్రెడెరిక్ లింకన్ కాళ్లకు కడియములు వేసిన పక్షుల జాడలను బట్టి 1935లో నాలుగు వలసమార్గములను నిరూపించెను. 1948 నుండి వేటనియమములు ఆ మార్గములను బట్టియే ఏర్పడుచున్నవి. బాతుల కడియములు అధికముగా వేటకాండ్ర వలననే తిరిగి వచ్చినవి. కనుక రక్షణకు మూలమైన లెక్క వేటనుండియే పుట్టినదని గ్రహింపవలెను.

అయినచో వేటకాండ్రు నమ్మిన ఉత్తరపుగాలి మిథ్యయా? కాదు. 1955 అక్టోబరు చివర, నవంబరు మొదట కెనడా మైదానములనుండి శీతలవాయురాశి దిగినప్పుడు లక్షలకొలది బాతులు ఒక్కమారుగా లూసియానా దిక్కునకు సాగెను. ఫ్రాంక్ బెల్‌రోజ్ ఈ మహావలసను విపులముగా వర్ణించెను. కనుక మా నిర్ణయమిది: పగటినిడివి పక్షిని సిద్ధపరచును, శీతలవాయువు బయలుదేరు దినమును సూచించును, మంచుగడ్డ తుదిగడువును విధించును. మొదటిది ఏటేట మారదు. తక్కిన రెండును మారును. శాసనమునకు ముందుగా తేదీ కావలెను. పక్షికి తేదీ లేదు. ఈ వైరుధ్యము వలననే వేటకాల వివాదము ఏటేట పునరావృత్తమగుచున్నది.

స్థలమును శాశ్వతము కాదు. 1913లో కియోకక్ ఆనకట్ట పూర్తియైన పిదప మిసిసిపీ నదిపై ఏర్పడిన జలాశయము కాన్వాస్‌బాక్, స్కాప్ జాతులకు ముఖ్యమైన మజిలీ యయ్యెను. 1972 జూనులో ఆగ్నెస్ తుపాను వరద సస్కెహానా మడుగుల నీటిమొక్కలను నాశనము చేసెను. ఇటీవలి దశాబ్దములలో అవి కొంత తిరిగి మొలచినవి. మేత తగ్గినప్పుడు చెసపీక్ కాన్వాస్‌బాక్ చిన్న ఆల్చిప్పలతో పొట్టపోసికొన నేర్చెను. పక్షిసంఖ్య తగ్గినందున 2002లోను 2008లోను ఆ బాతు వేటను అమెరికా యందంతటను ఆపివేసిరి.

దీనినిబట్టి ఒక సిద్ధాంతము చేయవచ్చును. కాలజ్ఞానము స్వతః హింసయు గాదు, దయయు గాదు. అంగడికై వేటాడినవాని చేతిలో అది సంహారసాధనము. అదియే శాసనకర్త చేతిలో కవచమయ్యెను. వ్రాతలేని ఆ మొదటి గణకుల విద్యను చరిత్రకారుడు విస్మరింపరాదు. దానివలన కలిగిన నష్టమును దాచరాదు.