వాగును ఎవరు కడగాలి? ఊరి మురుగు చరిత్ర చెప్పే పాఠం

వానలు మొదలైన రెండు మూడు వారాలకే ఆసుపత్రి వరండాలు జ్వరపీడితులతో నిండిపోవడం వైద్యులందరికీ అనుభవమే. పరీక్షిస్తాము, మందులు రాస్తాము, పంపిస్తాము. ఆ జ్వరం ఏ నీటిలో పుట్టిందో ఆ నీటి ఒడ్డుకు మాత్రం మనము వెళ్లేది అరుదు. ఇటీవల అనేక పట్టణాలలో యువతీయువకులు సెలవు రోజున పారలు, తట్టలు పట్టుకొని ఊరి వాగులోకి, నాలాలోకి దిగుతున్నారు. అభినందించవలసిన పనే. అయితే ఇటువంటి శ్రమదానం కొన్నిచోట్ల ఎందుకు నిలిచింది, మరికొన్నిచోట్ల మరుసటి వానకే ఎందుకు వృథా అయింది? చరిత్రను పరిశీలిస్తే సమాధానం దొరుకుతుంది.

కొల్లాపూర్ నీరు ఎక్కడికి పోతుంది?

జటప్రోలు సంస్థానాన్ని ఏలిన సురభి ప్రభువులకు కొల్లాపూర్ రాజధాని. ఈ ప్రాంతంలో కురిసిన వాన వంకలుగా, వాగులుగా సాగి చివరకు కృష్ణలో కలుస్తుంది. శ్రీశైలం జలాశయం కోసం కృష్ణాతీరపు గ్రామాలెన్నో మునిగిపోయాయి. జటప్రోలు, సోమశిలలలోని ప్రాచీన ఆలయాలను విప్పి ఎత్తైన చోట తిరిగి నిర్మించవలసి వచ్చింది. ఊళ్లను ముంచిన ఆ నీరే నేడు కొల్లాపూర్ సమీపంలోని ఎల్లూరు వద్ద ఎత్తిపోతల ద్వారా పొలాలకు, మిషన్ భగీరథ ద్వారా ఇండ్లకు చేరుతున్నది.

దీని అర్థమేమిటో ఆలోచించండి. వాగులోకి మనము వదిలినది మన కంటికి దూరమవుతుందే గాని మన జీవితానికి దూరం కాదు. నీటిశుద్ధి కేంద్రాలున్న మాట నిజమే. కాని నదిలోకి మురుగు పెరిగిన కొద్దీ శుద్ధి భారం పెరుగుతుంది. ఎక్కడైనా గొట్టం పగిలితే, క్లోరిన్ తగ్గితే కలరా, టైఫాయిడ్, కామెర్లు కాచుకొని ఉంటాయి.

దశబంధం, నీరటికాడు

మన పూర్వులు నీటివనరును కట్టడమే గొప్ప అనుకోలేదు. దానిని కాపాడే ఏర్పాటును కూడా చేశారు. చెరువు తవ్వించినవారికి, మరమ్మతు చేసినవారికి భూమినో, పన్ను మినహాయింపునో ఇచ్చే ‘దశబంధం’ మాన్యాలు తెలుగునేల శాసనాలలో కనిపిస్తాయి. తెలంగాణ గ్రామాలలో తూము తెరిచి మూసే నీరటికాడు ఉండేవాడు. పూడిక తీతకు ఒక వేళ, పంపకానికి ఒక పద్ధతి, బాధ్యతకు ఒక మనిషి ఉండేవారు.

అయితే ఆ కాలాన్ని స్వర్ణయుగమని పొగడనవసరం లేదు. ఊరి పనిలో ఎంతో భాగం వెట్టిచాకిరీగా సాగింది. శుభ్రం చేసే భారమంతా కొన్ని కులాల నెత్తిన పడింది. ఆ వ్యవస్థ నుండి మనము తీసుకోవలసినది ఒక్కటే: నీటికి పేరు తెలిసిన కాపలాదారు ఉండాలి. వదులుకోవలసినది కూడా ఒక్కటే: ఆ కాపలా ఎవరికీ పుట్టుకతో అంటగట్టిన శిక్ష కారాదు.

మూసీ నేర్పినది

1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదులో వేలాది ప్రాణాలను బలిగొన్నది. ఆ తరువాత నిజాం ప్రభుత్వ ఆహ్వానంపై వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య వరద నివారణకు జలాశయాలతో పాటు నగరానికి భూగర్భ మురుగు వ్యవస్థను కూడా సూచించారు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. వరద భయం తగ్గింది. కాని నగరం పెరిగిన వేగాన్ని మురుగు వ్యవస్థ అందుకోలేకపోయింది. ఎగువన ప్రవాహం తగ్గి, దిగువన మురుగు పెరిగి మూసీ నాలాగా మారింది. వరదను, మురుగును ఒకే సమస్యగా చూసిన ఆ ఇంజనీరు దృష్టిని మనము మధ్యలోనే వదిలేశాము.

ఆ మూసీ నగరపు జంట పట్టణమైన సికింద్రాబాదులోనే 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని గుర్తించారు. అంతకు ఇరవై ఏళ్ల ముందే, 1877లో, బోదకాలు క్రిమి దోమలో పెరుగుతుందని చైనాలో పాట్రిక్ మాన్సన్ కనుగొన్నారు. ఆ బోదకాలును మన ప్రాంతంలో వ్యాప్తి చేసే క్యూలెక్స్ దోమకు నిలిచిన మురుగునీరే పుట్టిల్లు. కనుక పారే వాగు వేరు, నిలిచిన వాగు వేరు. వాగు ఆగిందంటే రోగం కదిలిందన్నమాటే.

కాలీ బేయీ: నిలిచిన శ్రమదానం

పంజాబులో సుమారు 160 కిలోమీటర్ల పొడవైన చిన్న నది కాలీ బేయీ. గురునానక్ జీవితంతో ముడిపడిన ఆ పవిత్ర జలం ఊళ్ల మురుగుతో, గుర్రపుడెక్కతో పూడిపోయింది. 2000 సంవత్సరంలో బల్బీర్ సింగ్ సీచేవాల్ నాయకత్వంలో భక్తులు, గ్రామస్థులు స్వయంగా నీటిలో దిగి ఆ డెక్కను పీకారు, పూడిక తీశారు. అంతటితో ఆగి ఉంటే అది కొద్దినాళ్ల ముచ్చటగానే మిగిలేది. నదిలో కలుస్తున్న మురుగును గ్రామగ్రామాన మళ్లించి, కుంటలలో నిలిపి శుద్ధి చేసి, ఆ నీటిని పొలాలకు పంపే ఏర్పాటును వారు ప్రచారం చేశారు. 2006లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం ఆ నదిని చూడడానికి వెళ్లారు.

ఆ నదిలోనూ తరువాతి కాలంలో కలుషిత జలం చేరి చేపలు చనిపోయిన సందర్భాలున్నాయి. ఒకసారి కడిగిన నదిని ప్రతిదినం కాపాడవలసిందే.

మన సికింద్రాబాదు బన్సీలాల్‌పేట మెట్లబావి కూడా ఇదే చెబుతున్నది. దశాబ్దాల చెత్తతో పూడిపోయిన ఆ బావిని స్వచ్ఛంద సంస్థ, ప్రభుత్వ శాఖలు కలిసి బాగుచేయగా, 2022 డిసెంబరులో అది మళ్లీ ప్రజల ముందుకు వచ్చింది. స్వచ్ఛంద సేవ ప్రభుత్వానికి ప్రత్యామ్నాయం కాదు. ప్రభుత్వాన్ని కదిలించే చేయి.

ఇష్టంగా దిగేవారు, తప్పక దిగేవారు

మనము ఒక ఉదయం మురుగులో దిగి, ఫొటో తీయించుకొని, స్నానం చేసి భోజనానికి కూర్చుంటాము. తరతరాలుగా వేరే దారి లేక అందులో దిగినవారు ఉన్నారు. మనుషులచేత మలమూత్రాలు ఎత్తించడాన్ని 2013 చట్టం నిషేధించింది. మురుగు గుంతలలో మరణించినవారి కుటుంబాలకు పది లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో ఆదేశించి, 2023లో దానిని ముప్పై లక్షలకు పెంచింది. మన శ్రమదానం వారి పట్ల గౌరవాన్ని పెంచాలే గాని, వారికి యంత్రాలు, రక్షణ సామగ్రి ఇవ్వకుండా తప్పించుకునే సాకు కారాదు.

వాగులో దిగేముందు

వైద్యునిగా కొన్ని మాటలు. మూసి ఉన్న మురుగు గుంతలోకి ఎవరూ దిగరాదు. అక్కడి విషవాయువు క్షణాలలో ప్రాణం తీస్తుంది. తెరిచి ఉన్న వాగులోనైనా మోకాళ్ల వరకు రబ్బరు బూట్లు, మందపాటి చేతితొడుగులు తప్పనిసరి. పుండ్లు, గాయాలు ఉన్నవారు ఒడ్డు పని చూసుకోవాలి. ధనుర్వాతం టీకా సకాలంలో వేయించుకున్నారో లేదో చూసుకోండి. ఎలుకల మూత్రం కలిసిన నీటి నుండి లెప్టోస్పైరోసిస్ సోకవచ్చు. 2018 వరదల తరువాత కేరళలో అది విజృంభించగా, బురదలో పనిచేసేవారికి డాక్సీసైక్లిన్ మాత్రలు ఇచ్చారు. మీకు అవసరమో కాదో వైద్యుని అడిగి తెలుసుకోండి. పని జరిగిన నెలలోగా జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడడం కనిపిస్తే వాగులో దిగిన సంగతి వైద్యునికి తప్పక చెప్పండి. తవ్విన చోట నీరు నిలిచే గుంటలు మిగల్చకండి. అవే దోమల తొట్లవుతాయి.

అన్నిటికన్నా ముందు, పార పట్టడానికి ముందు, ఒక కాగితం పట్టుకొని వాగు వెంట నడవండి. ఏ గొట్టం ఎక్కడ కలుస్తున్నదో, చెత్త ఎక్కడ పడుతున్నదో గుర్తించండి. ఆ జాబితాను మున్సిపాలిటీకి ఇచ్చి, ప్రతి నెలా అదే దారిలో మళ్లీ నడవండి. పూడిక తీసిన చేతులు చాలా ఊళ్లలో ఉన్నాయి; మురుగు వచ్చే దారిని మూయించి, ప్రతినెలా వెళ్లి చూసిన ఊళ్లలోనే నీరు బాగుపడింది. కొల్లాపూర్ వంటి చిన్న పట్టణానికి ఇది ఇంకా చేతికందే పని. వాగు నాలాగా మారిపోయాక మొదలుపెడితే, ఖర్చూ రోగమూ రెండూ మన పిల్లలవే అవుతాయి.