పొడుగుకూ పెద్దరికానికీ మధ్య

నిఘంటువుల్లో చచ్చిపడివున్న మాటలను చూసి నవ్వుకోవడం తేలిక. అవి ఎవరి అవసరానికి పుట్టాయో, ఎవరికి అక్కర్లేక పోయాయో విచారించడం సాహిత్య విద్యార్థి పని. ‘పొడుగు’ అనే సామాన్య భావాన్నే తీసుకుందాం.

ఇంగ్లీషులో ‘ప్రొసెరిటీ’ అనే మాట ఒకటుండేది. మనిషి పొడుగుతనమని 1755లో జాన్సన్ తన నిఘంటువులో అర్థం చెప్పాడు. దాని మూలం లాటిన్ ‘ప్రొసేరుస్’. ‘సెల్సిట్యూడ్’ మరొకటి, ‘సెల్సుస్’ అంటే ఎత్తయినది. 16వ శతాబ్దపు పండితులు లాటిన్ మాటలను గంపలకొద్దీ దింపుతుంటే, సిరాబుడ్డి మాటలని ఎగతాళి చేసినవారూ ఉన్నారు. 1553లో థామస్ విల్సన్ తన అలంకారశాస్త్ర గ్రంథంలో ఆ ధోరణిని దుయ్యబట్టాడు.

జనం మాత్రం ‘టాల్’ అన్నారు. పూర్వం దానికి చురుకైన, ధైర్యంగల అనే అర్థాలుండేవి. షేక్‌స్పియర్ నాటకాల్లో ధీరుడనే అర్థం ఇంకా కనిపిస్తుంది. గుణం నుంచి ఆ మాట ఒంటికి దిగింది. లాటిన్ మాట ఒంటి నుంచి హోదాకెక్కింది. సెల్సిట్యూడ్ ప్రభువుల బిరుదై, ప్రభువులతోనే పోయింది. దాని చుట్టమైన ‘ఎక్సలెన్సీ’ రాయబారుల పేర్ల ముందు నేటికీ ఉంది.

మన సంగతీ ఇంతే. అమరకోశం ఎత్తుకు పర్యాయపదాలను ఒకే వరుసలో పేర్చింది. వాటిలో ‘ప్రాంశువు’ను రఘువంశారంభంలో కాళిదాసు వాడాడు. ‘ప్రాంశువు వస్తున్నాడు’ అని ఏ తెలుగు రైతూ అనలేదు. అదే వరుసలోని ‘ఉన్నతం’ బతికింది. ఎలా? ఉన్నతాధికారి, ఉన్నత వర్గం, ఉన్నత పాఠశాల! వీటిలో మూరతో కొలిచే ఎత్తెక్కడిది? చేలో నిలబడ్డ పొడగరిని ‘ఉన్నతుడు’ అంటే ఎవరికీ అతని ఒడ్డూపొడుగూ తట్టదు.

ఆజానుబాహువంటే మోకాళ్లదాకా చేతులున్నవాడు; మహాపురుష లక్షణమది. పత్రికలు దాన్ని పొడుగుపాటి మనిషికి అంటగట్టాయని పండితులు కోప్పడతారు. నాకా కోపం లేదు. అవతార పురుషుడి సొత్తును మామూలు మనిషి వాడుకుంటున్నాడు, వాడుకోనివ్వండి.

అలాగని దేశ్యాలన్నీ బతికాయనడం ఉత్త భావుకత్వం. నిడు, నిడుద, నిడుపు మన మాటలే. తమిళంలో ‘నెడు’ వాళ్ల చుట్టమే. మనకు ‘నిడివి’ మిగిలింది, అదీ సినిమాలకూ వ్యాసాలకూ, మనిషికి కాదు. మా వడ్లమూడికి దగ్గరలోని పొన్నూరుకు రైల్లో వెళ్లేవారు దిగే స్టేషను నిడుబ్రోలు. నిడు, ప్రోలు రెండూ ఆ బోర్డు మీద భద్రంగా ఉన్నాయి. దాని కింద నిలబడ్డ ఎత్తయిన మనిషిని మాత్రం అందరూ ‘పొడుగాటాయన’ అనే అంటారు.