మిద్దె నుంచి మేడకు: కడప జిల్లా పట్టణాల్లో విద్యుత్ తీగ - అగ్నిభద్రత

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పాతవీధుల మట్టిమిద్దెల్లో తొలినాటి వైరింగుకు ఆధారం కొయ్యే. గోడకు బిగించిన కొయ్యపట్టీల మీదుగా రబ్బరు తొడుగు తీగలు బయటికి కనబడుతూ సాగేవి. రబ్బరు ఎండి పగిలేది. ఆ పగులు ఇంటివారి కంట పడేది. తరువాతి పీవీసీ తీగ పైపులో దూరి గోడలోకి పోయింది. సిమెంటు పూత వెనుక దాని లోపమూ కనుమరుగైంది.

పీవీసీ రబ్బరంత సులువుగా అంటుకోదు. ఆ రెసిన్ బరువులో సగానికి పైగా క్లోరిన్ ఉండటమే కారణం. అయితే కాలినప్పుడు ఆ క్లోరినే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువై కళ్లను, ఊపిరితిత్తులను దహిస్తుంది. మంటను అడ్డుకొనే గుణమే పొగను విషం చేస్తుందన్నమాట.

1975 మార్చి 22న అమెరికాలోని బ్రౌన్స్ ఫెర్రీ అణువిద్యుత్ కేంద్రంలో గాలి లీకును కొవ్వొత్తితో పరీక్షిస్తుండగా మంట లేచి 1,600కు పైగా కేబుళ్లు దెబ్బతిన్నాయి. ఒంటి తీగను కాల్చి చూస్తే చాలదని, కట్టగా ఉన్న కేబుళ్ల వెంట మంట పాకే తీరు వేరని దానితో స్పష్టమైంది. 2010 ఫిబ్రవరి 23న బెంగళూరు కార్ల్‌టన్ టవర్స్‌లో విద్యుత్ డక్టులో పుట్టిన అగ్ని 9 మందిని బలిగొన్నది. అక్కడ ప్రాణాలు తీసింది ప్రధానంగా పొగే. దాన్ని తాళలేక కిటికీల నుంచి దూకినవారున్నారు.

భారత ప్రమాణం ఐఎస్ 694లో ఎఫ్‌ఆర్ తీగ మంటను పాకనివ్వదు. ఎఫ్‌ఆర్-ఎల్‌ఎస్‌హెచ్ తీగ పొగను, ఆమ్లవాయువును కూడా తగ్గిస్తుంది. గాలిలో ఆక్సిజన్ 21 శాతమే కాగా, ఈ తీగ తొడుగు మండుతూ ఉండాలంటే కనీసం 29 శాతం కావాలి. హాలోజన్ లేని తీగలకు 2018లో ఐఎస్ 17048 వచ్చింది. ఐరోపాలో 2017 జూలై నుంచి భవనాల కేబుళ్లకు ఏసీఏ నుంచి ఎఫ్‌సీఏ వరకు ఏడు తరగతులు తప్పనిసరి. అగ్నిమాపక పంపుకు, అత్యవసర దీపాలకు వీటిలో ఏదీ చాలదు. మంటలోనూ కరెంటు మోసే, అభ్రకపు పట్టీ చుట్టిన తీగ వేరే ఉంది. దుకాణంలో ఈ రెండింటినీ ఒకటిగా చెప్పడం అరుదు కాదు.

ఇక ఎండ సంగతి. తీగ మోయగల కరెంటు లెక్క గాలి వేడి 40 డిగ్రీలనే ఊహపై కట్టినది. ఈ సీమలో వేసవి దాన్ని దాటుతుంది. ఎండకు కాగిన మిద్దెగోడలోని పైపులో ఇంకా ఎక్కువ. అందుకు తగ్గట్టు లావు తీగ ఎంచుకోవాలి.

జాతీయ భవన నియమావళి 15 మీటర్లు, ఆపైన ఉన్నవాటినే ఎత్తైన భవనాలంటుంది. బంగారం, బట్టల వ్యాపారానికి పేరొందిన ప్రొద్దుటూరు బజార్లలో కింద అంగడి, పైన కాపురం ఉండే రెండు మూడంతస్తుల కట్టడాలు ఆ ఎత్తుకు చేరవు. అలాంటి కట్టడాల్లో మీటర్లూ మెయిన్ స్విచ్చులూ సాధారణంగా మెట్ల కిందే ఉంటాయి. పైనున్నవారు దిగవలసిన దారీ అదే.