వాకపల్లి కేసు

భద్రతా బలగాల గాలింపుల్లో ఆదివాసీ మహిళల రక్షణ, పోలీసుల జవాబుదారీతనంపై చర్చ రేపిన కేసు. తూర్పు కనుమల్లోని వాకపల్లి కోందు గిరిజనుల ఊరు, జి.మాడుగుల మండలం, అల్లూరి సీతారామరాజు జిల్లా (అప్పట్లో విశాఖపట్నం జిల్లా). మావోయిస్టుల కోసం గాలింపునకు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు 2007 ఆగస్టు 20న తమపై సామూహిక అత్యాచారం చేశారని 11 మంది మహిళలు ఫిర్యాదు చేశారు. పోలీసులు ఈ ఆరోపణను ఖండించారు. 2017లో సుప్రీంకోర్టు కేసు కొట్టివేతకు నిరాకరించి, విచారణ జరపాలంది. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నం ప్రత్యేక న్యాయస్థానం నిందితులను నిర్దోషులుగా విడుదల చేసింది. దర్యాప్తు లోపాలను ఎత్తిచూపుతూ మహిళలకు పరిహారం చెల్లించాలని ఆదేశించింది. ఈ కేసు లేవనెత్తిన మహిళల రక్షణ అంశం అంతర్జాతీయంగా కొత్తది కాదు: సాయుధ ఘర్షణల్లో మహిళలకు రక్షణ, భద్రతా నిర్ణయాల్లో భాగస్వామ్యం కల్పించాలని ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 2000లోనే 1325వ తీర్మానంలో కోరింది.