అలెగ్జాండ్రియా

ఈజిప్టు ఉత్తర తీరాన, మధ్యధరా సముద్రపు ఒడ్డున ఉన్న రేవు నగరం. క్రీ.పూ. 331లో అలెగ్జాండర్ స్థాపించాడు. ప్రాచీన ప్రపంచపు ఏడు వింతల్లో ఒకటైన ఫారోస్ దీపస్తంభం భూకంపాలకు కూలిపోగా, అదే చోట 15వ శతాబ్దిలో సుల్తాన్ కైత్‌బే కోట కట్టించాడు. ముందుగా చూడవలసింది ఇదే: కోట దగ్గర నిలబడితే తూర్పు రేవు నెలవంకలా ఒంపు తిరిగి కనిపిస్తుంది.

కోమ్ ఎల్ షుకాఫా భూగర్భ సమాధులు అంతకన్నా అపురూపం. మెట్ల బావిలా రాతిని తొలుచుకుంటూ దిగిన ఆ గదుల్లో, నక్కతల దేవుడు అనుబిస్ రోమన్ సైనికుడి వేషంలో కాపలా కాస్తుంటాడు. ఈజిప్టు, గ్రీకు, రోమన్ నాగరికతలు మూడూ ఒకే గోడ మీద ఇంత సహజంగా కలవడం అరుదు. పాంపే స్తంభం నిజానికి డయోక్లీషియన్ చక్రవర్తి గౌరవార్థం నిలిపింది. పేరు మాత్రం పొరపాటున స్థిరపడింది. ఒకప్పుడు ఈ నగరంలో ఉన్న ప్రాచీన గ్రంథాలయం స్మృతిగా 2002లో కొత్త గ్రంథాలయం ప్రారంభమైంది.