బిడారు పోయాక వెలిసిన గుడారాలు

జైసల్మేర్‌కు 40 కిలోమీటర్ల దూరాన సమ్ ఇసుక దిబ్బల దగ్గర ఏటా చలికాలంలో గుడారాలు వెలుస్తాయి. సాయంత్రం ఒంటె సవారీ, పొద్దుగూకాక నెగడు చుట్టూ పాటలు, రాత్రికి గుడారంలో పడక. ఈ విహారాన్ని అమ్మేవాళ్లు దీన్ని పూర్వకాలపు వర్తక బిడారుల కొనసాగింపుగా వర్ణిస్తారు. చరిత్ర మాత్రం వేరేలా చెబుతోంది. బిడారు పూర్తిగా అంతరించాకే ఈ విహారం పుట్టింది. పైగా బిడారుకు చివరి దెబ్బ వేసిన సరిహద్దే దీనికి దారి వేసింది.

1156లో రావల్ జైసల్ పునాది వేసిన జైసల్మేర్ సింధు వైపు సాగే వర్తక మార్గం మీద ఉంది. ఆ దారిన పోయే సరుకు మీద సుంకం రాజ్యానికి ముఖ్యమైన రాబడి. 19వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో, ఈస్టిండియా కంపెనీ ఆంక్షలను తప్పించుకోవడానికి వర్తకులు మాళవ నల్లమందును పాలీ, జైసల్మేర్ మీదుగా కరాచీకి, అక్కణ్నుంచి ఓడల్లో పోర్చుగీసువారి డామన్‌కు చేర్చేవారు. 1805 ప్రాంతంలో కట్టడం మొదలైన పట్వాల హవేలీలను చూస్తే ఆనాటి వర్తకుల సిరి ఎంతటిదో తెలుస్తుంది. 1843లో సింధు కంపెనీ వశమయ్యాక నల్లమందు బొంబాయి బాట పట్టింది. తర్వాత రైళ్లు మిగిలిన సరుకునూ మళ్లించుకుపోయాయి. దక్కనులో ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసిన లంబాడీల బిడారులను ఆపిందీ ఈ రైళ్లూ రోడ్లే. 1947లో సింధు పరాయి దేశమయ్యేసరికి జైసల్మేర్ దారి చివర మిగిలిపోయిన ఊరైంది. 1965, 1971 యుద్ధాలు మళ్లీ ఆ ఊరి ప్రాధాన్యం పెంచాయి. సైన్యం అవసరాలు రోడ్లను తెచ్చాయి, 1960ల చివర్లో రైలూ వచ్చింది. 1974లో సత్యజిత్ రాయ్ తీసిన ‘సోనార్ కెల్లా’ సినిమా జైసల్మేర్ కోటను బెంగాలీలకు పరిచయం చేసింది. పర్యాటకులు వచ్చింది సైన్యం కోసం వేసిన బాట మీదే.

మనిషీ ఒంటే ఇసుకా అవే కదా, కొనసాగింపు కాదని ఎలా అంటారని ఎవరైనా అడగవచ్చు. కానీ పనిని చూడాలి. రెండు క్వింటాళ్ల దాకా బరువు మోసే ఒంటెతో ఎండాకాలపు బిడారు రాత్రి నడిచి పగలు విశ్రమించేది. నీళ్లున్న బావి ఎక్కడుందో దాన్నిబట్టి మజిలీ ఉండేది. నేటి విహారం పొద్దువాలేవేళ కాసేపు నడిచి రాత్రంతా నిద్రపోతుంది, నీళ్లు ట్యాంకరులో వస్తాయి. పేరు ఒకటే అయినా రెండూ వేర్వేరు వృత్తులు. అలాగని కొత్తదాన్ని బూటకమని కొట్టిపారేయడమూ సరికాదు. పంట తక్కువైన ఆ నేల ఎప్పుడూ వచ్చిపోయేవారి మీదే ఆధారపడింది. నాడు సరుకుతో పోయేవారు, నేడు సరదాకు వచ్చేవారు.

గట్టి అభ్యంతరం మరొకటుంది: పర్యాటకమే లేకపోతే ఒంటె ఎప్పుడో మాయమయ్యేదంటారు. ఒంటె తోలేవాడి సంపాదన విషయంలో అది నిజమే. జాతి మనుగడ విషయంలో లెక్కలు ఒప్పుకోవడం లేదు. 2012 పశుగణనలో దేశంలో సుమారు 4 లక్షల ఒంటెలుంటే, 2019 నాటికి 2.5 లక్షలకు పడిపోయాయి. సవారీకి కావలసింది తర్ఫీదైన ఒకటి రెండు పోతులు. జాతి నిలవాలంటే ఒంటెలను పెంచే రైకాల దగ్గరున్నట్టు ఆడ ఒంటెల మందలుండాలి. ఒంటె దాదాపు 13 నెలలు చూలు మోస్తుంది, కాబట్టి మంద నెమ్మదిగా పెరుగుతుంది. అంతకాలం మేపడానికి జమ్మిచెట్లూ బీడు భూములూ ఉండాలి. ఇందిరా గాంధీ కాలువ కింద బీళ్లు చాలావరకు పొలాలయ్యాయి. వధనూ రాష్ట్రం దాటి పంపడాన్నీ కట్టడి చేసిన 2015 రాజస్థాన్ చట్టం ఒంటెను కాపాడాలనే వచ్చింది, కానీ పోతులను కొనేవారు తగ్గడంతో పెంపకందారుకే నష్టం మిగిలింది. పర్యాటకుడు ఇచ్చే డబ్బు గుడారం యజమానికీ కొంత ఒంటెవాడికీ చేరుతుంది, మంద మేపేవాడి దాకా పోదు.

కాబట్టి ఈ విహారాన్ని వారసత్వమని పొగడడం కన్నా ఒక వృత్తిగా లెక్కగట్టడం మేలు. వారసత్వమంటే అది దానంతటదే నిలుస్తుందన్న భ్రమ కలుగుతుంది. వృత్తి అనుకుంటే కూలీ ఎంత, మేత ఎక్కడ, మంద ఎవరిది అన్న ప్రశ్నలు తప్పవు. పాత రాజ్యం ప్రతి మూటకూ సుంకం కట్టించుకునేది. నేటి సవారీ వెలలోనూ బీడు భూమికి ఒక వాటా ఉంటే తప్ప, ఎక్కడానికి ఒంటెలు మిగలవు.