చిగురుపన్ను మొదలు ఎయిర్‌లాకు దాకా

జంగారెడ్డిగూడెమునుండి బుట్టాయగూడెము వైపు సాగిపోవు బాటయందు, పొగాకు బ్యారన్లును పామాయిలు తోటలును జీడిమామిడి తోపులును క్రమక్రమముగా వెనుకబడి, పాపికొండల పాదసీమ సమీపించినకొలది, మెట్టప్రాంతపు తాటిచెట్టునకు తోడుగా జీలుగుచెట్టు కానవచ్చును. జీలుగు గెలను ప్రతిదినము పలుచగా చెక్కి, దాని కొనకు లొట్టి కట్టినచో, రాత్రియంతయు కారిన రసము తెల్లవారునప్పటికే పులియనారంభించి, ఉదయము తియ్యగాను, మధ్యాహ్నమునకు ఘాటుగాను, సాయంకాలమునకు పుల్లగాను మారును. దానికి ఎవరును ఈస్టు చల్లనక్కరలేదు. పాలకు మజ్జిగచుక్క వలె, నిన్నటి లొట్టి అడుగున మిగిలిన మడ్డియే నేటి రసమునకు తోడు. లొట్టి లోపల సున్నము పూసినచో పులియుట మందగించి నీరా దక్కుననుటయు గీతకానికి తాతలనాటి విద్యయే. కొండరెడ్లను గూర్చి 1945లో గ్రంథము ప్రకటించిన ఫ్యూరర్ హైమెండార్ఫ్, జీలుగురసము వారికి ఏడాదిలో కొంతకాలము ఆహారమే యని గుర్తించెను; బోదెలోని పిండిని సైతము వారు వండుకొని తినుదురు. ఇట్టి పానీయమును వ్యసనమను ఒక్కమాటతో త్రోసివేయుట మైదానవాసుల తొందరపాటు.

ఇంటిలో పానీయమును పులియబెట్టుకొను హక్కు ఎవరిదను ప్రశ్నకు గోదావరి ఆవలి ఒడ్డున, రంపసీమలో, 1879 మార్చిలో రక్తసిక్తమైన సమాధానము లభించినది. కల్లుచెట్లపై చిగురుపన్ను పేరిట రంపసీమ నేలు మన్సబుదారు పిండుకొనుచుండగనే, ఇంటివాడకమునకైనను అనుమతి లేక కల్లు గీయరాదను ఆబ్కారీ నిబంధనలు వచ్చి, గుత్తేదారులు కొండలెక్కిరి. పోలీసుల దోపిడియు, అప్పులిచ్చిన వర్తకుల కోర్టు వ్యాజ్యములును మన్యమును అదివరకే మండించియుండెను గాని, తన చెట్టున తాను కట్టుకొన్న లొట్టికి పరుని సెలవు అడుగవలసివచ్చుట కొండవానికి భరింపరాని అవమానమయ్యెను. కారం తమ్మనదొర, ద్వారబంధాల చంద్రయ్య, అంబుల్ రెడ్డి మున్నగువారి నాయకత్వమున అడ్డతీగల ఠాణా దగ్ధమయ్యెను. గోదావరిపై పోవు షాంరాక్ అను స్టీమరు పైనను దాడి జరిగెను. భద్రాచలము, గొలుగొండ సీమలకు అగ్ని ప్రాకెను. పటాలములు దిగి, నాయకులలో కొందరు హతులైన పిమ్మట, మన్సబుదారును తొలగించి ప్రభుత్వము కొండముఠాల పెద్దలగు ముఠాదారులతో నేరుగా ఒడంబడిక చేసికొనెను, చిగురుపన్ను పోయినది. ఆ మన్యముననే 1922లో పితూరీ నడపిన అల్లూరి సీతారామరాజు, అంతకుముందు మద్యపానము మానుడని బోధించియుండెను. కల్లు కొరకు కత్తి దూసినవారి మనుమలు కల్లు మానుమన్న వాని వెంట నడచిరన్నచో విచిత్రముగ తోచును గాని, రెండు తరములవారికిని కంటగింపు లొట్టి కాదు, దానిలో చేయి పెట్టిన సర్కారే.

పాశ్చర్ మహాశయుడు బీరును గూర్చిన గ్రంథమును 1876లో ప్రకటించుటయు, కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గు ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ 1883లో ఒకే కణమునుండి శుద్ధమైన ఈస్టును పెంచుటయు రంప తిరుగుబాటునకు అటునిటు జరిగిన సంగతులే. పులియుటయందలి మర్మమును అచట సూక్ష్మదర్శిని వెదకుచుండగా, ఇచట ద్రవసాంద్రతను కొలుచు హైడ్రోమీటరు గృహస్థుని చేతికి రానేలేదు. సైక్స్ హైడ్రోమీటరు అను పేర ఆబ్కారీ ఉద్యోగుల చేతికి, సారాయి ప్రూఫు, అనగా ఆల్కహాలు బలము, తేల్చి పన్ను కట్టుటకు వచ్చినది. మన కథకును పాశ్చాత్యుల కథకును గల ముఖ్యభేదము ఇదియేయని నా తలంపు.

బ్రిటనులో ఇంట బీరు కాచుకొనుటకు కావలసియుండిన లైసెన్సు 1963లో రద్దయ్యెను. అమెరికాలో 1978లో అధ్యక్షుడు కార్టరు సంతకము చేసిన చట్టము, ఇద్దరు పెద్దలున్న ఇంటికి ఏటా 200 గాలనులు, అనగా సుమారు 757 లీటర్లు, పన్నులేకుండ కాచుకొనుటకు వీలిచ్చెను. రాష్ట్రముల చట్టములు వేరుగ నున్నను, అచట స్థిరపడిన మన గోదావరి యువకునికిని ఆ హక్కు కలదు. అతడు నలిపిన మాల్టును, అనగా మొలకెత్తించిన బార్లీని, ఇంచుమించు 66 డిగ్రీల వేడినీటిలో గంటసేపు నాననిచ్చి, గంజి చక్కెరగ మారిన పిమ్మట తేరిననీటిని హాప్సు పూలతో మరగించి, త్వరగా చల్లార్చి, కోనువలె అడుగు సన్నగిల్లిన స్టీలు ఫెర్మెంటరులో పోసి ఈస్టు చల్లును. మూతమీది ఎయిర్‌లాకు లోపలి వాయువును బుడగలుగా వెలికి పోనిచ్చి, వెలుపలి గాలిని రానీయదు. హైడ్రోమీటరు మొదట 1.050 చూపి, పులియుట ముగిసినపుడు 1.010 చూపినచో, ఆ భేదమును 131తో హెచ్చించి, సుమారు 5.2 శాతము ఆల్కహాలని లెక్కకట్టును. అడుగు కవాటము త్రిప్పి దింపిన మడ్డిని కొందరు సీసాలో దాచి మరుసటి కాపునకు వాడుదురు. ఇంత యంత్రాంగము నడుమను నిలిచినది లొట్టి ధర్మమే! జంగారెడ్డిగూడెపు మే మాసపు ఎండలో మాత్రము శీతలీకరణము లేనిదే ఈ కార్యము సాగదు. 18, 20 డిగ్రీల నడుమ పనిచేయవలసిన ఈస్టు ఆ వేడికి ఘాటువాసనలు పుట్టించి బీరును చెరచును.

మన ప్రభుత్వములు పానమును ఒకప్పుడు నిషేధించుచు, ఒకప్పుడు దానిపై బ్రతుకుచు వచ్చినవి. రాజాజీ 1937లో సేలము జిల్లాలో ఆరంభించిన నిషేధము 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతట వ్యాపించెను. 1953లో ఏర్పడిన ఆంధ్రరాష్ట్రమునకు తొలి ముఖ్యమంత్రియైన ప్రకాశము పంతులుగారి మంత్రివర్గము, ఆ విషయమును విచారించిన రామమూర్తి సంఘము నిషేధమును ఎత్తివేయవలెనన్న తరువాత, ఆ వివాదముననే 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో కూలిపోయెను. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో రేపిన ఉద్యమము వలన మరుసటి ఏట సారాయియు, 1995 జనవరి 16నుండి మద్యమును నిషిద్ధములయ్యెను. 1997లో ఆ కట్టు సడలెను. సంసారములను కూల్చిన సారాయి ప్యాకెట్లపై ఆ తల్లులు చేసిన పోరు న్యాయమైనది. అయితే బట్టీసారాకును పులిసిన బీరునకును గల భేదమును చట్టము ఇంటివాని విషయమున పాటింపలేదు.

ఆ భేదము జంగారెడ్డిగూడెమునకు తెలియనిది గాదు. 2022 మార్చిలో పట్టణమున వరుస మరణములు సంభవింపగా, నాటుసారాయే కారణమని ప్రతిపక్షమును, సహజమరణములని ప్రభుత్వమును శాసనసభలో వాదించుకొనిరి. నాటుసారా కాయువాడు పులిసిన బెల్లపు ఊటను బట్టీకెక్కించి ఆవిరి పట్టును. ఆ ఆవిరిలో ఏమున్నదో తెలిసికొను సాధనము అతనికి లేదు, త్రాగువానికి అసలే లేదు. దాడికి వచ్చిన అధికారులు డ్రమ్ములు దొర్లించి ఊటను నేలపాలు చేయుదురు.

1996 నాటి పెసా చట్టము మత్తుపానీయముల విషయమున షెడ్యూల్డు ప్రాంతపు గ్రామసభకు అధికారమిచ్చినందున, బుట్టాయగూడెపు కొండపల్లెలకు ఈ విషయమున ఒక నోరు కలదు; పట్టణవాసికి అదియును లేదు. అతడు స్టీలు పాత్రను, హైడ్రోమీటరును, ఎయిర్‌లాకును కొరియరులో తెప్పించుకొనవచ్చును, బార్లీ నానబెట్టి మొలకెత్తించి మాల్టు చేసికొనవచ్చును. ఈస్టు పొట్లము విప్పి ఆ మాల్టు తేరిననీటిలో చల్లినచో మాత్రము, లైసెన్సు లేక మద్యము తయారుచేసినవాడై, 1968 నాటి ఎక్సైజు చట్టమునకు నేరస్థుడగును.